వాలు గీత

శాంపిల్ ఎక్కించే రోజు మా ల్యాబ్‌లో ఫ్యాను వేయనిచ్చేదాన్ని కాదు. ఇసుక రేణువులో సగం కూడా లేని లోహపు తునకను సూది మొనతో ఎత్తి, గాస్కెట్ రేకులో వెంట్రుకంత చిల్లులోకి దించాలి. తుమ్మొచ్చిందా, ఆ పూట పని గోవిందా. రేకుకు పైనొకటి, కిందొకటి వజ్రాలు. కమ్మరి దాగలి లాంటిదే గానీ సమ్మెట దెబ్బ ఉండదు. చేత్తో మరలు మెల్లగా బిగించడమే. ఓసారి తొందరపడి పావు చుట్టు ఎక్కువ తిప్పాను. టప్పున వజ్రం పగిలింది. గురువుగారు ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

ఎంత నొక్కామో చెప్పేది తునక పక్కన పెట్టిన కెంపు నలుసు. లేజర్ వేస్తే అది ఎర్రగా వెలుగుతుంది. పీడనం పెరిగేకొద్దీ ఆ ఎరుపు పక్కకు జరుగుతుంది.

అప్పట్లో నాకు స్ఫటికాలంటే మోజు. పరమాణువులు బారులు తీరని శాంపిల్ చెత్త కిందే లెక్క. ఆ పొగరు దించింది బిస్మత్. దాని స్ఫటికంలో కదిలే ఎలక్ట్రాన్లు లక్ష పరమాణువులకు ఒకటి చొప్పునే ఉంటాయి. అది అతివాహకం కావాలంటే, అంటే విద్యుత్ నిరోధం పూర్తిగా పోవాలంటే, 0.53 మిల్లీకెల్విన్ దాకా చల్లబరచాలని 2016లో ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చూపించారు. అదే బిస్మత్ ఆవిరిని బాగా చల్లార్చిన పలక మీద పట్టిస్తే, వరస కట్టే తీరిక లేక పరమాణువులు ఎక్కడివక్కడే ఆగిపోతాయి. 6 కెల్విన్ దగ్గరే నిరోధం మాయం! స్ఫటికాన్ని 2.5 గిగాపాస్కల్స్ దాటించి నొక్కినా అమరిక మారి, కొన్ని కెల్విన్ల దగ్గరే అతివాహకమవుతుంది.

ఆ తర్వాత వచ్చింది టాంటలం, నియోబియం, హాఫ్నియం, జిర్కోనియం, టైటానియం కలిపిన మిశ్రమం. గళ్లు వరసగానే ఉంటాయి, ఏ గడిలో ఏ లోహమన్నది మాత్రం లాటరీ. సీసం, తగరం లాంటి వాటిలో నొక్కేకొద్దీ అతివాహకత నీరసిస్తుంది. ఈ మిశ్రమాన్ని 2017లో చైనా శాస్త్రవేత్తలు 190 గిగాపాస్కల్స్ దాకా, అంటే భూమి బాహ్య కేంద్రంలో ఉండేంతగా నొక్కినా అతివాహకత చెక్కుచెదరలేదు. పైగా మధ్యలో అది మొదలయ్యే ఉష్ణోగ్రత 7.7 కెల్విన్ కాస్తా 10 దాకా పెరిగింది.

అలాగని కలగాపులగాన్ని నెత్తిన పెట్టుకోను. క్రమం లేని పదార్థాన్ని చల్లబరుస్తూ గీసే నిరోధం గీత చాలాసార్లు నిటారుగా పడదు, వాలుగా జారుతుంది. గాస్కెట్ ఓ పక్క ఎక్కువ నలిగినా అచ్చం అదే వాలు! చెదురుతనం పదార్థానిదా, మన చేతిదా? గీత పట్టుకుని పరుగెత్తుకొచ్చే పిల్లల్ని కెంపులు ఎన్ని పెట్టారని అడుగుతాను. ఒకటే అంటే మళ్లీ ఎక్కించమంటాను. రెండు పెట్టండి నాయనా, నడిమిన ఒకటి, అంచున ఒకటి.