షష్ఠ్యంతాలలో సంప్రదానం: ‘కు’ వర్ణకార్థ పరిశీలన

కృతిపతికి కావ్యాన్ని సమర్పించేటప్పుడు ‘కున్’, ‘కిన్’ చివర గల విశేషణాలతో సాగే పద్యాలను మన కావ్య సంప్రదాయం షష్ఠ్యంతాలన్నది. పేరు షష్ఠిది, పని సంప్రదానానిది. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల సాహిత్యాన్ని చదివేవారు ఈ వైరుధ్యాన్ని దాటిపోవడానికి వీలులేదు. ఆ సాహిత్యంలో అధికభాగం ఇచ్చేవారికీ పుచ్చుకొనేవారికీ నడుమ పుట్టినదే.

చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) కొఱకు, కై వర్ణకాలను చతుర్థిలోను, కి, కు వర్ణకాలను ‘యొక్క’తో పాటు షష్ఠిలోను చేర్చింది. దీనిని పొరపాటని కొట్టివేయడం తొందరపాటు. ప్రాకృతంలో చతుర్థి స్థానాన్ని షష్ఠి ఆక్రమించిందని ప్రాకృత వ్యాకర్తలు ముందే చెప్పారు. పైగా ‘కు’కు షష్ఠ్యర్థం నిజంగానే ఉంది. ‘నూలు చీరకు పట్టు అంచు’ అని గద్వాల చీరను గురించి చెప్పినప్పుడు ఇచ్చినవారూ లేరు, పుచ్చుకొన్నవారూ లేరు. చీరకూ అంచుకూ ఉన్నది అవయవ సంబంధం. ‘ఆమెకు ఇద్దరు బిడ్డలు’ అన్నా అంతే.

చిక్కు చతుర్థితోనే. పాలమూరు ప్రాంత వ్యవహారంలో ‘తమ్మునికి పైసలిచ్చిన’ అంటే పుచ్చుకొన్నవాడు తమ్ముడే. ‘తమ్ముని కొరకు పైసలిచ్చిన’ అంటే పుచ్చుకొన్నది అతని అప్పులవాడు కావచ్చు. (‘తమ్ముడికి’ అనక ‘తమ్మునికి’ అనే ఈ రూపం కావ్యభాషకే దగ్గర.) అంటే చతుర్థి అని పేరున్న ‘కొఱకు’ ప్రయోజనాన్ని చెబుతున్నది, గ్రహీతను చెప్పే భారం ‘కు’ మీదనే పడింది. ‘కూలికి పోయింది’ అన్నప్పుడు ఆ ప్రయోజనార్థం కూడా ‘కి’దే.

ఈ దృష్టితో షష్ఠ్యంతాలను చూస్తే అవన్నీ ఒక తీరువి కావని తెలుస్తుంది. జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలు చంద్రికాపరిణయాన్ని మదనగోపాలస్వామికి అంకితమిచ్చాడు. సాధారణంగా ‘కు’ చేరేది ప్రభువు పేరుకు. ఇక్కడ ప్రభువు కర్త స్థానానికి జరిగాడు. భక్తుని భావనలో కృతి ముందునుంచీ స్వామిదే. ఆయన సొత్తును ఆయనకే ఇస్తున్నాడు కనుక స్వామిత్వమూ సంప్రదానమూ ఒకే వర్ణకంలో ఇమిడాయి. షష్ఠ్యంతమన్న పేరు ఇక్కడ సార్థకం.

నరుడు కృతిపతి అయినప్పుడు ఈ సమర్థన చెల్లదు. ఇచ్చేవరకూ కృతి అతనిది కాదు. కృతిని కన్యగా భావించే రూఢి కూడా త్యాగాన్నే చెబుతుంది, స్వామిత్వాన్ని కాదు. కవి ధనాపేక్షతో చేసే సమర్పణ త్యాగమెలా అవుతుందని ఆక్షేపించవచ్చు. ఈ సంస్థానాలలో పండితులకు వార్షికాలిచ్చే ఆచారం ఉన్నమాట నిజమే. కానీ ‘కవికి వార్షికం ఇచ్చారు’ అనే వాక్యంలో గ్రహీత కవి, ‘ప్రభువుకు కృతి ఇచ్చారు’ అనే వాక్యంలో గ్రహీత ప్రభువు. రెండు చోట్లా కారకం ఒకటే. మొదటిదానిలో సంప్రదానాన్ని అంగీకరించి, రెండవదానిని షష్ఠి అనే పేరుతో సరిపెట్టడానికి వ్యాకరణంలో ఆధారం కనిపించదు.