గుర్రపు భాష నుండి అనువాదం

రౌతు తన వీపున ఎక్కడం గుర్రానికి ఇష్టమేనా? ఈ ప్రశ్నకు గుర్రమే స్వయంగా సమాధానం చెప్పినట్లు వ్రాసిన నవల ఒకటి ఉన్నది. ఆనా సూయెల్ అనే ఆంగ్ల రచయిత్రి 'బ్లాక్ బ్యూటీ' 1877లో వెలువడింది. అందులో ఒక నల్లని గుర్రం పిల్లతనం నుండి ముసలితనం వరకు తన కథను తానే చెప్పుకొంటుంది. మొదటి ముద్రణ ముఖపత్రం మీద, ఇది గుర్రపు భాష నుండి అనువదించినదని ప్రకటించారు. అది చమత్కారమే కావచ్చు. కాని అనువాదమన్న తరువాత అది మూలానికి ఎంతవరకు విధేయంగా ఉన్నదో పరీక్షించవలసిందే కదా!

రచయిత్రికి ఈ పనికి తగిన అర్హత లేకపోలేదు. 14 ఏళ్ళ వయస్సులో చీలమండలకు దెబ్బ తగిలినందువల్ల ఆమె జీవితాంతం సరిగా నడవలేకపోయింది. ఎక్కడికి పోవాలన్నా చిన్న గుర్రపుబండే ఆధారం. అందుచేత గుర్రాన్ని దగ్గరగా, ఓపికగా గమనించే అవకాశం ఆమెకు కలిగింది. పుస్తకం వెలువడిన కొద్ది నెలలకే, 1878లో ఆమె మరణించింది.

గుర్రానికి ఏది బాధ కలిగిస్తుందో చెప్పిన చోట్ల ఈ పుస్తకం చాలా బలంగా ఉన్నది. ఆనాటి ఇంగ్లండులో షోకు కోసం బండిగుర్రం తలను ఎత్తి పట్టి ఉంచే ఒక పగ్గం వాడేవారు. గుర్రం తల దించబోతే నోటిలోని కళ్ళెం ఒత్తుకొంటుంది. మిట్ట ఎక్కేటప్పుడు బరువు లాగే గుర్రం మెడను ముందుకు చాచి, తల దించి, తన శరీర భారాన్ని ముందుకు త్రోస్తుంది. తలను బిగించి కట్టితే ఆ వీలు ఉండదు. లాగవలసిన బరువు మాత్రం తగ్గదు. నవలలోని గుర్రం చెప్పే బాధ సరిగా ఇదే. ఇక్కడ రచయిత్రి ఊహించినది తక్కువ, గమనించినది ఎక్కువ.

జింజర్ అనే ఆడ గుర్రం పాత్ర కూడా ఇట్లాంటిదే. అది కరుస్తుంది, తన్నుతుంది. అందరూ దానిని పొగరుబోతు అంటారు. దాని పూర్వకథ విన్న పాఠకునికి మాత్రం ఆ పొగరు వెనుక ఉన్న నొప్పీ భయమూ అర్థమవుతాయి.

అయితే సుఖం మాట వచ్చేసరికి అనువాదం మీద అనుమానం కలుగుతుంది. మొదటిసారి యజమాని తన మీద ఎక్కినప్పుడు, ఆయనను మోయడం తనకు గర్వంగా తోచిందని బ్లాక్ బ్యూటీ చెప్పుతుంది. ఈ గర్వం గుర్రానిదా, రచయిత్రిదా? అంతకుముందే కళ్ళెం ఎంత అసహ్యమైన వస్తువో అదే గుర్రం వర్ణించింది. ఓట్లు పెట్టి, వీపు నిమిరి, మంచిమాటలు చెప్పి దానిని అలవాటు చేశారనీ చెప్పింది. కాబట్టి పుస్తకం ఇచ్చే సాక్ష్యం అలవాటుకే సరిపోతుంది. అలవాటు వేరు, ఆనందం వేరు. ఆ వాక్యంలో వినిపించేది గుర్రపు గొంతు కాదు; మంచి యజమాని తన సేవకుని నోట వినగోరే మాట.

అంటే జంతువులకు సుఖదుఃఖాలే లేవనడం కాదు. 1872లోనే డార్విన్ మనుష్యులలోను జంతువులలోను భావప్రకటనను గురించి ఒక గ్రంథం వ్రాశాడు. చిక్కల్లా వాటిని చదివే పద్ధతిలో ఉన్నది. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం కాలిగిట్టతో తట్టి లెక్కలకు జవాబులు చెప్పుతున్నదని 1904 ప్రాంతంలో గొప్ప సంచలనం కలిగింది. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ పరీక్షించగా, అడిగేవానికి జవాబు తెలియనప్పుడు గుర్రానికీ తెలియడం లేదని తేలింది. అడిగేవాని తల అతనికే తెలియకుండా రవ్వంత కదిలేది. దానిని చూచి గుర్రం తట్టడం ఆపేది. గుర్రం మనిషిని అంత నిశితంగా చదివింది. మనిషి మాత్రం గుర్రంలో తన తెలివినే చూచుకొన్నాడు!

మరి గుర్రాన్ని అడగడం ఎట్లా? దానికి ఎంచుకొనే అవకాశం ఇవ్వడమే మార్గం. నార్వేలో 23 గుర్రాలకు మూడు పలకల అర్థం నేర్పారు: అడ్డగీత అయితే దుప్పటి కప్పాలి, నిలువుగీత అయితే తీసివేయాలి, ఖాళీ పలక అయితే ఉన్నది ఉన్నట్లు ఉంచాలి. 2016లో ప్రచురితమైన ఈ ప్రయోగంలో గుర్రాలు వాతావరణాన్ని బట్టి తమకు కావలసిన పలకను ముట్టి చూపాయి. అమెరికాలో 2011లో వెలువడిన మరొక పరిశోధనలో, కొట్టంలో కట్టి ఉంచిన గుర్రాలు తోటి గుర్రాలతో ఆవరణలో తిరగడాన్ని కోరుకొన్నాయి. కదిలే పట్టా మీద నడిచే యాంత్రిక వ్యాయామం కంటె మాత్రం కొట్టానికి తిరిగి పోవడమే మేలనుకొన్నాయి. ఇది సవారీపై తుది తీర్పు కాదు. కాని కదలిక అంతా ఒకటే కాదనీ, తన ఇష్టంతో కదలడం వేరనీ ఇది సూచిస్తుంది.

విచిత్రమేమంటే ఈ సమాధానం నవలలోనే ఉన్నది. మంచి కొట్టం, మంచి తిండి, దయగల మనుష్యులు ఉన్నా తనకు స్వేచ్ఛ తక్కువైందని బ్లాక్ బ్యూటీ ఒకచోట వాపోతుంది. ఆదివారాలలో తోటలోకి వదిలినప్పుడు కలిగే సంతోషాన్ని వర్ణిస్తుంది. పచ్చిక, తోటిగుర్రాలు, విచ్చలవిడిగా పరుగు — ఆ సంతోషంలో యజమాని లేడు, జీను లేదు. అనువాదం మూలానికి చాలా దగ్గరగా వచ్చిన పుట అదే.

'రౌతు మెత్తనైతే గుర్రం మూడుకాళ్ళ మీద నడుస్తుంది' అని మన సామెత. మెత్తగా ఉంటే గుర్రం సోమరితనం చూపుతుందని దాని భావం. కాని బ్రిటన్‌లో, ఏ లోపమూ లేదని నమ్మి రోజూ పని చేయిస్తున్న 506 క్రీడాగుర్రాలను పరీక్షించి 2014లో వెల్లడించిన ఫలితాలలో, దాదాపు సగం గుర్రాలకు కుంటిగాని, నొప్పిని సూచించే నడక దోషంగాని ఉన్నట్లు కనబడింది. కాబట్టి గుర్రం నిజంగానే మూడుకాళ్ళ మీద నడుస్తూ ఉంటే, నాలుగో కాలిని చూడడం రౌతు మొదటి పని. సామెత తప్పుగా చదివిన గుర్రాన్ని, జింజర్ కథ సరిగా చదివింది. 'రౌతు కొద్దీ గుర్రం' అన్న రెండో సామెతను మాత్రం ఈ నవలలో ప్రతి అధ్యాయమూ బలపరుస్తుంది.

ఉపాధ్యాయులు ఈ పుస్తకాన్ని విద్యార్థుల చేత చదివించినప్పుడు ఒక చిన్న పని చేయించవచ్చు. కాగితాన్ని రెండు భాగాలు చేసి, గుర్రం ఏమి చేసిందో ఒక వైపు, దానికి ఏమి తోచిందని నవల చెప్పిందో రెండో వైపు వ్రాయించాలి. తరువాత పెళ్ళి ఊరేగింపులో గుర్రం కనబడినప్పుడు దాని చెవులు, నోరు, తోక ఎట్లా ఉన్నవో దూరం నుండి గమనించమనాలి. చెవులు వెనక్కు అణచి, తోక విసురుతూ, నోరు తెరచి కళ్ళెంతో పెనుగులాడే గుర్రం ఊరేగింపును ఆనందిస్తున్నదని ఏ విద్యార్థీ వ్రాయడు. గుర్రపు భాషకు మొదటి పాఠం అదే. దానికి నవల అవసరం లేదు. కాని ఆ పాఠం చదవాలన్న కోరికను పుట్టించినందుకు ఈ నవలకు రుణపడి ఉండవలసిందే.