ఒకే చెట్టు, రెండు రకాల కొమ్మలు: రోమీయుల పత్రికలో ఒలీవ రూపకం

యేసును మెస్సీయగా అంగీకరించని యూదులకు, అబ్రాహాముతో దేవుడు చేసిన నిబంధన వర్తిస్తుందా, లేదా? క్రైస్తవ దైవశాస్త్రంలోని ఈ చిరకాల వివాదానికి ప్రధాన ఆధారం రోమీయులకు రాసిన పత్రికలోని 9–11 అధ్యాయాలు. క్రీ.శ. 57 ప్రాంతంలో పౌలు రాసిన ఈ భాగంలో ఒక రూపకం, ఒక అవ్యయం వ్యాఖ్యాతలను విభజించాయి. సిద్ధాంత భేదాలుగా కనిపించేవి చాలావరకు పఠన భేదాలేనని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

11వ అధ్యాయంలోని ఒలీవ చెట్టు ఆలంకారిక పరిభాషలో సావయవ రూపకం. విరిగిన కొమ్మలు విశ్వసించని యూదులు. వాటి చోట అంటుకట్టిన అడవి కొమ్మలు అన్యజనులు. వేరును వ్యాఖ్యాతలు ఎక్కువగా పితరులుగా గ్రహించారు. నాటు మొక్కకు మేలురకం కొమ్మను అంటుకట్టడం మామిడి తోటల రైతుకు తెలిసిన పద్ధతి. పౌలు దానిని తలకిందులు చేశాడు. ఇది సేద్యం తెలియని పట్టణవాసి పొరపాటని కొందరు భావించారు. కాపు తగ్గిన ఒలీవకు అడవి కొమ్మను చొప్పించే పద్ధతిని అదే శతాబ్దపు రోమన్ రచయిత కొలుమెల్లా పేర్కొన్నాడని మరికొందరు సమాధానం చెప్పారు. అయితే ఈ అంటు ప్రకృతికి విరుద్ధమని 24వ వచనంలో పౌలే అంటున్నాడు. కనుక ఈ వైపరీత్యం బుద్ధిపూర్వకం. కొమ్మ వేరును మోయడం లేదు, వేరే కొమ్మను మోస్తున్నది. కాబట్టి అతిశయించే హక్కు అడవి కొమ్మకు లేదు. రూపక ప్రయోజనం ఈ హెచ్చరికే.

వ్యాఖ్యాన చరిత్రలో మొదట మరుగున పడింది కూడా ఈ హెచ్చరికే. ఇశ్రాయేలు స్థానాన్ని సంఘం ఆక్రమించిందన్న భావన బలపడింది. అగస్టీన్ యూదులను క్రైస్తవ సత్యానికి సాక్షులుగా మిగిలిన జాతిగా చూశాడు. వారి పరివర్తనను యుగాంతానికి వాయిదా వేశాడు. 1523లో యూదుల పట్ల సౌమ్యంగా రాసిన లూథర్ 1543 నాటికి వారి ప్రార్థనా మందిరాలను తగలబెట్టాలనే దాకా వెళ్లాడు. ఇశ్రాయేలు అంతా రక్షణ పొందుతుందన్న 26వ వచనానికి, యూదులు, అన్యజనులు కలిసిన దైవప్రజ అని కాల్విన్ అర్థం చెప్పాడు. కానీ 25వ వచనంలో యూదులను సూచించిన పదమే మరుసటి వచనంలో సూచన లేకుండా మరొక అర్థాన్ని ధరించడం సందర్భశుద్ధికి నిలవదు.

26వ వచనం ఆరంభంలోని గ్రీకు అవ్యయం 'హూతోస్'కు ప్రధానార్థం 'ఈ విధంగా'. తెలుగునాట బహుళ ప్రచారంలో ఉన్న బైబిలు అనువాదంలో అది కాలవాచకమైంది. రీతిని చెప్పే పదం కాలాన్ని చెప్పే పదంగా మారడంతో, దేవుడు రక్షించే తీరును గురించిన వాక్యం భవిష్యత్ ఘటనల క్రమపట్టికగా వినిపిస్తుంది. 25వ వచనంలో కాలసూచన ఉన్నమాట నిజమే. కానీ 26వ వచనం భారం రీతి మీదనే ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలో పఠనం మరో దిశ పట్టింది. యూదు తత్త్వవేత్త ఫ్రాంజ్ రోజెన్‌జ్వైగ్ 1921 నాటి గ్రంథం ద్వంద్వ నిబంధన వాదానికి ప్రేరణ అయింది. 10వ అధ్యాయం 18వ వచనం నుంచి 11వ అధ్యాయం ముగిసే దాకా క్రీస్తు పేరు రాదన్న విషయాన్ని క్రిస్టర్ స్టెండాల్ ఎత్తిచూపాడు. ఇది విలువైన పరిశీలన. అయినా రూపకంలో ఉన్నది ఒకే చెట్టు. విరిగిన కొమ్మలు తిరిగి అతుక్కోవడాన్ని 23వ వచనం విశ్వాసంతో ముడిపెట్టింది. రెండు సమాంతర మార్గాల వాదం ఈ ఏకత్వాన్ని దాటవేస్తుంది.

రెండవ వాటికన్ మహాసభ 1965లో వెలువరించిన 'నోస్ట్రా ఏటాటే' ఈ ఒలీవ రూపకాన్నే ఆశ్రయించి, యూదులను దేవుడు తిరస్కరించినవారిగా చిత్రించరాదని ప్రకటించింది. 2015 నాటి వాటికన్ పత్రం రెండు రక్షణ మార్గాలను నిరాకరించింది. యూదులను ఉద్దేశించిన వ్యవస్థాగత మతప్రచారాన్నీ సమర్థించలేదు. క్రీస్తును బాహాటంగా ఒప్పుకోకుండానే వారు రక్షణలో ఎలా భాగస్వాములవుతారన్నది దైవమర్మమని వదిలివేసింది. ఇది సమస్యను తప్పించుకోవడమేనన్న ఆక్షేపణకు అవకాశం ఉంది. కానీ పౌలు కూడా ఈ భాగాన్ని సిద్ధాంతంతో కాక స్తుతితో ముగించాడు. కొమ్మను విరిచే చేయి, తిరిగి అంటుకట్టే చేయి దేవునివే. అతుక్కున్న కొమ్మ ఆ చేతి పనిని తనదిగా భావించిన ప్రతిసారీ వ్యాఖ్యానం దారి తప్పింది. ఆ తప్పుకు మూల్యం చెల్లించింది యూదులు.