‘డెసిడరేటా’ – కర్తృత్వ విచారము, ధ్వనిరూప విమర్శనము

లోకమున విశేష ప్రచారముఁ గాంచిన రచనలయందుఁ గర్తృనామము మఱుగుపడుట యపూర్వము గాదు. సుభాషితములలో ననేకము లట్టివే. కాని కర్త గతించి పాతికయేండ్లైన నిండకమున్నే యాతని రచనకు రెండువందల యేండ్లకుఁ బైఁబడిన ప్రాచీనత యంటఁగట్టఁబడుట మాత్రము విచారణీయము. ఇంగ్లీషుభాషయందలి ‘డెసిడరేటా’ యను గద్యకవిత కట్టి గతి పట్టినది.

దీని కర్త మాక్స్ ఎర్మన్. ఇతఁడు 1872లో అమెరికాదేశమున ఇండియానా రాష్ట్రమందలి టెర్రె హోట్ పట్టణమున జన్మించెను. న్యాయవాదిగాఁ బనిచేసి, పిదప రచనావ్యాసంగమున నిలిచెను. ప్రకృత రచనకు 1927లో గ్రంథస్వామ్యముఁ బడసెను. 1945లో నాతఁడు మరణింపఁగా, భార్య బెర్తా 1948లోఁ బ్రకటించిన కవితాసంపుటమున నిది చేరినది. కర్తృత్వవిషయమున నింతకంటె స్పష్టమైన యాధారము వలదు.

నామము లాటిను పదము. కర్మార్థకమగు భూతకృదంతము, నపుంసకలింగ బహువచనము. కోరఁబడినవి యని యర్థము. సంస్కృతమున ఆప్‌ధాతువునకు సన్‌ప్రత్యయమును, దానిపైఁ గ్తప్రత్యయమును జేరఁగా నేర్పడిన ‘ఈప్సిత’ శబ్దము దీనికి మిక్కిలి చేరువ. పాణిని కర్మసంజ్ఞను విధించుచు నీ శబ్దమునే తమప్‌ప్రత్యయాంతముగా గ్రహించెను. అయితే లాటిను ధాతువునందు లేమియు ధ్వనించును. కావున, లేనివగుటచేఁ గోరఁబడునవి యనుట సమగ్రార్థము. శాంతి, సత్యభాషణము, పరుల మాట నాలకించుట, ఇతరులతోఁ బోల్చుకొనకుండుట, వయసు మీఱుటను సౌమ్యముగా నంగీకరించుట – ఇందు విషయములు.

వాక్యరచన ననుసరించి చూడ నీ కవిత రెండు భాగములుగా నున్నది. అధికభాగము విధినిషేధ రూపము. క్రియలు ప్రాయికముగా మధ్యమపురుష విధ్యర్థకములు. తరువాత, విశ్వమున మానవునకుఁ జెట్లతోను నక్షత్రములతోను సమానమగు చోటు గలదని చెప్పు సిద్ధార్థవాక్యము వచ్చును. మీమాంసకుల పరిభాషలో మొదటిది విధి, రెండవది యర్థవాదము. అర్థవాదము విధికి బలమిచ్చునే కాని తాను ప్రధానము గాదు. ఉపమానము లల్పములైనను సార్థకములు; ప్రేమను గడ్డితోఁ బోల్చుట వానిలో నుత్తమము. ఎండలకు మాడియు మరల మొలకెత్తు గరిక నెఱిఁగినవారి కీ యౌచిత్యము వేఱుగాఁ జెప్పనక్కఱలేదు.

ఇఁక ప్రాచీనతాభ్రాంతి పుట్టిన విధము. ఇరువదవ శతాబ్ది మధ్యభాగము గడచిన పిమ్మట, బాల్టిమోరు నగరమందలి సెయింట్ పాల్ చర్చి గురువగు ఫ్రెడరిక్ కేట్స్ తన సంఘమువారి పఠనార్థమై కూర్చిన పత్రములలో దీనిని జేర్చెను. వానిపైఁ జర్చి నామమును, దాని స్థాపనవత్సరమగు 1692ను ముద్రితములై యుండెను. ప్రతులు చేతులు మాఱఁగా స్థాపనవత్సరమే రచనావత్సరమయ్యెను. చర్చిలో దొరకిన యజ్ఞాతకర్తృక లేఖ యను ప్రతీతి పుట్టెను. 1965లో రాజనీతిజ్ఞుఁడు అడ్లాయ్ స్టీవెన్సన్ మరణించినపు డాతని పడకచెంత దీని ప్రతి కానవచ్చుటచేఁ బ్రచార మినుమడించెను.

ప్రచురణచరిత్ర తెలియకున్నను, భాషయే యీ ప్రతీతిని ఖండింపఁజాలియుండెను. ఇందు ‘కెరీర్’ అను పదము జీవనవృత్తి యను నర్థమున వాడఁబడినది. ఇంగ్లీషున నా యర్థము పందొమ్మిదవ శతాబ్దిలో నేర్పడినది. అంతకుఁ బూర్వము పరుగు, గమనము అనునవియే దాని యర్థములు. ఒక్క పదముచేఁ గాలనిర్ణయ మగుచుండ, భక్తిచేఁ బఠించినవారు భాషను బఠింపరైరి. పాఠమునందును స్ఖాలిత్యము ప్రవేశించినది: చివర ‘చీర్‌ఫుల్’ అని యుండవలసినచోఁ గొన్ని ప్రతులలో ‘కేర్‌ఫుల్’ అని కలదు. ఉల్లాసమునకు మాఱుగా జాగరూకత వచ్చుటచే సమాప్తివాక్యపు రసమే చెడినది.

1971లో రేడియో, టెలివిజను ప్రసంగకర్త లెస్ క్రేన్ దీనిని వాద్యసహితముగాఁ జదివి రికార్డు వెలువరించెను. సంగీతము ఫ్రెడ్ వెర్నర్‌ది. అది అమెరికా బిల్‌బోర్డు పట్టికలో 8వ స్థానమునకెక్కెను. 1972లో వాచికధ్వనిముద్రణమునకై గ్రామీ పురస్కారముఁ బడసెను. క్రేన్ పఠనము నెమ్మదియైనది, స్పష్టమైనది. ఆ గుణము స్తవనీయము. కాని గాయకబృందము పల్లవిగాఁ గైకొని మరలమరలఁ బాడినది పైఁజెప్పిన యర్థవాదవాక్యమును. దానిచే విధులు చరణప్రాయములై వెనుకఁబడినవి. ఆచరింపవలసిన హితము వినుట కింపైన యోదార్పుగా మాఱినది. 1972లోనే నేషనల్ లాంపూన్ బృందము దీని కొక హాస్యానుకరణము రచించుటకు నవకాశమిచ్చినది కవితకంటె నీ గంభీరవాద్యఘోషమే యనవచ్చును.

రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనికులకుఁ బంచిపెట్టుటకై వైద్యుఁడును గవియునగు మెరిల్ మూర్‌నకు ఎర్మన్ అనుమతి యొసఁగెను. ఆ ప్రతులపై స్వామ్యసూచన లేదు. ఇట్టి పంపకముచేతనే స్వామ్యము నశించినదని 1975లో నిచ్చిన తీర్పును 1976లో అప్పీలు న్యాయస్థానము స్థిరపఱచెను. న్యాయవాదియగు కవి యుదారతయే యాతని హక్కునకు భంగకరమయ్యెను.

ప్రాచీనత గుణమునకుఁ బ్రమాణము గాదని మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనయందుఁ గాళిదాసు సూచించినది పండితులకు సుపరిచితమే. ప్రకృతమున నింకొక విశేషము గలదు. మమ్మటుఁడు చెప్పిన ప్రభుసమ్మిత, సుహృత్సమ్మిత, కాంతాసమ్మితములలో నీ రచన స్వభావముచే సుహృత్సమ్మితము. 1692 అను నంకె దీనిని బ్రభుసమ్మితముగాఁ జేసెను. రికార్డు కాంతాసమ్మితము చేయఁబూనెను. కర్త నెఱిఁగి చదివినపుడే మిత్రుని స్వరము వినఁబడును. వ్యాపారములందు మోసముండును జాగ్రత్త యని చెప్పువాఁడు న్యాయస్థానముల నెఱిఁగినవాఁ డని తెలియుట యా హితమునకు లోపము గాదు, బలము. కావున ఎర్మన్ నామమును నిలుపుట కేవలము చారిత్రకధర్మము గాదు. రచనయొక్క యర్థమును నిలుపుట యగును.