ఏ మాటకు ఏ పేజీ: సరిహద్దు ఊళ్ల మీద తెలుగు వికీపీడియా పనితనం

కూనవరంలో 1950లో పుట్టి, ఊరు దాటకుండా బతికిన మనిషికి ఎన్ని జిల్లాలు మారాయో లెక్క చూడండి. పుట్టినప్పుడు తూర్పు గోదావరి. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను ఖమ్మంలో కలిపారు కాబట్టి అప్పటినుంచి ఖమ్మం. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి కాబట్టి మళ్లీ తూర్పు గోదావరి. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడితే అందులోకి. ఊరు మాత్రం శబరి గోదావరిలో కలిసే చోటే ఉంది.

ఇలాంటి ఊరి గురించి నాలుగు ముక్కలు రాయబోతే మొదటి వాక్యంలోనే పేచీ వస్తుంది. ఏ రాష్ట్రం, ఏ జిల్లా, ఏ మండలం? ఆ వెనకే మరికొన్ని ప్రశ్నలు తోసుకొస్తాయి. ఊరు మునుగుతుందా, పరిహారం ముట్టిందా, అసలు ఆ విలీనం న్యాయమేనా? ఎవరైనా వచ్చి రాయగల, ఎవరి రాతనైనా దిద్దగల చోట, జీతం తీసుకునే సంపాదకుడంటూ లేని చోట, వీటిలో ఏది విషయం, ఏది విషయాంతరం అని తేల్చేదెవరు? తెలుగు వికీపీడియా వాడుకరులు ఈ పని ఎంత నేర్పుగా చేస్తున్నారో ఖమ్మం, భద్రాచలం అడవి అంచు ఊళ్ల పేజీల్లో చూడవచ్చు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైంది. దాన్ని నడిపే మీడియావికీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. అందులోని రాతను పేరు చెప్పి, అదే షరతు మీద ఎవరైనా తిరిగి వాడుకోవచ్చు. తొలి ఏళ్లలోనే ఉమ్మడి రాష్ట్రంలోని ఊరూరికీ ఒక పేజీ ఉండాలని పెట్టుకుని, వేల మొలకలు, అంటే రెండు మూడు వాక్యాల ఆరంభ పేజీలు, నాటారు. ఆ మొలకల్లో అప్పటి ఖమ్మం జిల్లా ఊళ్లూ ఉన్నాయి. 2014 నుంచి జిల్లా హద్దులు మారిన ప్రతిసారీ ఆ పేజీలను మళ్లీ ముట్టుకోవలసి వచ్చింది.

2014 సవరణ చట్టం చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలను పూర్తిగా ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది. భద్రాచలం మండలంలో మాత్రం భద్రాచలం రెవెన్యూ గ్రామం తెలంగాణలో ఉండిపోయి, మిగతా మండలం అటు వెళ్లింది. బూర్గంపాడు మండలం చీలిపోయి సారపాక, బూర్గంపాడు వంటి ఊళ్లు ఇటు మిగిలాయి. 2016 అక్టోబరు 11న తెలంగాణ వైపు ఊళ్లు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కిందికి వచ్చాయి. వాజేడు, వెంకటాపురం మండలాలు జయశంకర్ భూపాలపల్లికి, అక్కడినుంచి 2019లో ములుగుకు వెళ్లాయి. ఇంత గందరగోళాన్ని ఆ పేజీలు ఎలా మోశాయో చూస్తేనే పనితనం తెలుస్తుంది.

తెలంగాణ ఊళ్ల పేజీల్లో తరచు కనిపించే ఒక వాక్యం ఉంది. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఈ గ్రామం పాత ఖమ్మం జిల్లాలో, ఇదే మండలంలో ఉండేదని దాని సారాంశం. చదివితే సాదా వాక్యమే. విప్పి చూస్తే నాలుగు నిర్ణయాలు కనిపిస్తాయి. ఏడాది ముందు చెప్పింది కాబట్టి పాత కాగితం చేతిలో పట్టుకుని వచ్చినవాడు తికమకపడడు. మార్పు ఎవరు చేశారన్న పేరు ఎత్తలేదు కాబట్టి అది ఏ ప్రభుత్వానికీ పొగడ్త కాదు, తిట్టూ కాదు. ‘పాత’ అన్న మాట వల్ల ఇప్పుడున్న చిన్న ఖమ్మం జిల్లాతో కలగాపులగం కాదు. ‘ఇదే మండలంలో’ అన్న మాట వల్ల జిల్లా మారింది గాని మండలం మారలేదని తేలిపోతుంది. మండలం కూడా మారిన ఊరికి ఆ ఒక్క ముక్కా మారుస్తారు. 2022 తర్వాత ఆంధ్రప్రదేశ్ ఊళ్లకూ ఇదే అచ్చులో వాక్యం వచ్చింది. వందల పేజీల్లో తిప్పి తిప్పి వాడుతున్నా అరగని వాక్యం రాయడం తేలిక కాదు.

రెండో చిక్కు జనాభా లెక్కలది. 2011 జనగణనలో ఈ ఊళ్లన్నీ ఖమ్మం జిల్లా కిందే ఉన్నాయి. ఇళ్లు, జనం, హెక్టార్లు, బడులు, బస్సు వసతి, అడవి కింద ఉన్న నేల, అన్నీ ఆ లెక్కలోవే. జిల్లా మారిందని లెక్కను పారేయలేరు, లెక్క పాతదని జిల్లాను వెనక్కి తిప్పలేరు. అందుకే ఊరి ఉనికిని ఈనాటి హద్దుల్లో చెప్పి, అంకెల పక్కన మాత్రం 2011 అని గుర్తు పెట్టి, ఊరి జనగణన లొకేషన్ కోడ్ కూడా ఇస్తారు. పేర్లు కలిసిన ఊళ్లను విడదీసుకోవడానికి ఆ ఆరంకెల కోడ్ చాలు. భూమి వినియోగం అన్న విభాగంలో అడవి హెక్టార్లు, సాగు హెక్టార్లు పక్కపక్కన ఉంటాయి. చర్ల, దుమ్ముగూడెం వైపు ఊళ్లు చదివేటప్పుడు అడవి ఎంత, పొలం ఎంత అన్నది ఆ రెండు వరసల్లోనే బోధపడుతుంది. వర్ణన ఒక్కటీ లేకుండా ఊరి రూపం దొరుకుతుంది.

ఏది ఏ పేజీలో ఉండాలన్నది మరో మెట్టు. ఊరికి ఒక పేజీ, అదే పేరున్న మండలానికి వేరే పేజీ. చింతూరు గ్రామం సంగతులు చింతూరు మండలంలో కలవకూడదు. మండలం పేజీలో రెవెన్యూ గ్రామాల జాబితా ఒకటి, పంచాయతీల జాబితా మరొకటి. మనుషులు లేని నిర్జన గ్రామాలను లెక్కలోకి తీసుకోలేదని చాలా మండలాల పేజీల్లో కింద చిన్న గమనిక ఉంటుంది. వదిలేసిన దాన్ని వదిలేశామని చెప్పడం ఎంత నిజాయితీ! ఏది ఏ పేజీది అన్న విషయంలో వరదల సంగతీ అంతే. 1986లో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది, 2022 జులైలో 71 అడుగులు దాటింది. ఆ నీటిమట్టం భద్రాచలానికి, గోదావరి వరదలకు సంబంధించిన ముచ్చట. ఏటిగట్టున ఉన్న ప్రతి ఊరి పేజీలోనూ దాన్ని అతికిస్తే పేజీ పెరుగుతుంది గాని ఆ ఊరి గురించి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. ఆ ఊళ్లోకి నీళ్లు ఎంతవరకు వచ్చాయో చెప్పే మూలం ఉంటే మాత్రం అది ఆ ఊరిదే.

ఇక అసలు పేచీ. ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిన ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలను తిరిగి తెలంగాణకు ఇవ్వాలన్న డిమాండ్ ఏళ్లుగా ఉంది. భద్రాచలం రాములవారి భూములు పురుషోత్తపట్నంలో ఉన్నాయి. ఈ విషయంలో అభిప్రాయం లేని మనిషి ఆ ప్రాంతంలో దొరకడు. వికీపీడియాలో ప్రతి వ్యాసానికీ వెనక ఒక చర్చ పేజీ ఉంటుంది. నాలుగు టిల్డెలు కొడితే సంతకం, సమయం పడతాయి. ‘ఈ ఊరు ఏ రాష్ట్రంలో ఉందో పేజీలో తప్పుగా ఉంది, ఇదిగో జీవో’ అంటే అది ఆ చర్చ పేజీ మాట. ‘ఈ ఊరు ఏ రాష్ట్రంలో ఉండాలి’ అంటే కాదు. రెండింటికీ తేడా చివరి క్రియలోనే ఉంది. మొదటిది వ్యాసాన్ని బాగుచేస్తుంది, రెండోది లోకాన్ని బాగుచేయబోతుంది.

అయితే రెండోదాన్ని తుడిచిపెట్టేయరు. డిమాండ్ అనేది జరిగిన సంగతి. ఎవరు అడిగారు, ఎప్పుడు అడిగారు, అవతలివాళ్లు ఏమన్నారు అన్నది పత్రికల మూలాలతో వ్యాసంలోనే రాయవచ్చు. తటస్థ దృక్కోణం అనే నియమం కోరేది అదే. వాదం చేయకూడదు, వాదాన్ని నమోదు చేయవచ్చు. ఒక పేజీకి మించిన ప్రశ్న, అంటే మారిన జిల్లాల ఊళ్లన్నింటికీ ఒకే పద్ధతి ఎలా ఉండాలి అన్నలాంటిది, వాడుకరులందరి ఉమ్మడి చర్చావేదిక అయిన రచ్చబండకు పోతుంది. అక్కడ తేలిన పాత చర్చలు భద్రంగా ఉంటాయి కాబట్టి ఏళ్ల తర్వాత వచ్చిన కొత్త వాడుకరి కూడా కారణం చదువుకోగలడు. సంతలో బియ్యం కుప్ప దగ్గర ఉప్పు అడిగినవాడికి ఉప్పు దుకాణం చూపించినట్టుగా, ‘ఇక్కడ కాదు’ అన్న వెంటనే ‘అక్కడ’ అని చెప్పడమే ఈ పద్ధతి గొప్ప. చోటు చూపకుండా కాదంటే మనిషి అలిగి వెళ్లిపోతాడు. చోటు చూపిస్తే పని చేస్తాడు.

ఈ పద్ధతికి ఒక ఖరీదు ఉంది. నిర్ధారించుకోడానికి వీలున్నదే రాయాలన్న నియమం అచ్చయిన ఊళ్లకు మేలు, అచ్చెక్కని గూడేలకు కష్టం. రెవెన్యూ జాబితాకు ఎక్కని కోయ గుంపు పేరు, అది ఎప్పుడు వెలిసింది, ఏ వాగు నీళ్లు తాగుతుంది అన్న సంగతులు పెద్దల నోట ఉంటాయి గాని పుస్తకంలో ఉండవు. కొండరెడ్ల గురించి మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1945లో రాసిన పుస్తకం ఉంది కాబట్టి వాళ్ల గురించి చెప్పేందుకు ఆధారం దొరుకుతుంది. అలా రాసినవారు లేని గూడెం గురించి వికీపీడియా మౌనంగా ఉండాల్సిందే. దానికి నియమాన్ని తప్పుపట్టలేం. వికీపీడియా మొదటి మూలం కాదు, కాకూడదు కూడా. ఆ మూలం తయారుచేయాల్సింది స్థానిక చరిత్ర రాసేవాళ్లు, కళాశాలలు, పత్రికలు.

జీతం లేని మనుషులు, ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్లు చాలామంది, ఇంత రాజకీయం నిండిన నేల గురించి రాసిన ఈ పేజీల్లో కోపం కనపడదు, తేదీలు కనపడతాయి. ఇది ఏ విజ్ఞాన సర్వస్వానికీ తీసిపోని పని. భద్రాచలం, పాల్వంచ, చింతూరు వైపు పాఠకులు ఒకసారి మీ ఊరి పేజీ తెరవండి. జిల్లా సరిగా ఉందో లేదో చూడండి. తప్పుంటే జీవో నంబరుతో, పత్రిక తేదీతో దిద్దండి. సందేహముంటే చర్చ పేజీలో అడగండి. మీ మాటకు చోటు అది కాకపోతే ఏది చోటో చెప్పేవాళ్లు అక్కడున్నారు.