జుమ్మాకు పోవద్దన్న అమ్మ

తెలుగు కథలో సాయిబు మొదట్నుంచీ ఉన్నాడు. జట్కా తోలుతూ, మాంసం కొడుతూ, తాయెత్తు కడుతూ ఓ పక్కన నిలబడ్డాడు. కథ మాత్రం అతనిది కాదు. రాయలసీమ కథ కరువును, ఫ్యాక్షన్‌ను గొప్పగా చెప్పింది. అదే కరువులో ముస్లిం ఇంటి పొయ్యి ఎట్లా వెలిగిందో అరుదుగా చూసింది. సత్యాగ్ని, దాదా హయత్ వంటి కడప జిల్లా రచయితలు ఆ తలుపు తీశారు. వేంపల్లె షరీఫ్ మనల్ని ఆ ఇంటి లోపలికి తీసుకుపోయాడు.

ఆయన కథల సంపుటి 'జుమ్మా'కు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. సంపుటికి పేరిచ్చిన కథ వెనుక ఒక శుక్రవారం ఉంది. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది చనిపోయారు. తర్వాత పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు చనిపోయారు. 2018లో, విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ కోర్టు నిర్దోషులుగా వదిలేసింది. మరి చంపిందెవరు?

కథ ఈ లెక్కల జోలికి పోదు. నమాజుకు పొమ్మని కొడుకు వెంటబడిన పల్లెటూరి తల్లి, పేలుడు తర్వాత జుమ్మాకు పోవద్దంటుంది. అంతే. ఆమెకు అల్లా మీద నమ్మకం తగ్గలేదు. బిడ్డ ప్రాణంతో ఇంటికొస్తాడన్న భరోసా పోయింది. 1992లో బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత ముస్లిం కవిత్వం గొంతెత్తి నిలదీసింది. 1998 నాటి 'జల్‌జలా' ఆ గొంతుల సంకలనమే. ఆ నిలదీత అవసరం. షరీఫ్ అదే గాయాన్ని ఒక తల్లి మాటలో చూపాడు.

'రజాక్‌మియా సేద్యం' అన్న పేరే ఒక జవాబు. సాయిబుకు సేద్యమేంది అనేవాళ్ళకు అది మడక పట్టిన చేతుల్ని చూపిస్తుంది. వాన రాకపోతే రెడ్డి చేనూ, మియా చేనూ ఒకటిగానే ఎండుతాయి. 'దస్తగిరి చెట్టు' మరో కథ. కడప, కర్నూలు పల్లెల్లో దస్తగిరి పేరు హిందువులూ పెట్టుకుంటారు. ఉగాదినాడు దేవుని కడప గుడికి ముస్లింలూ పోతారు. ఇది మన బతుకు. సామరస్యం పేరుతో ఎవరో మనకిచ్చిన యోగ్యతాపత్రం కాదు.

అయితే ఒక మాట అడగాలి. 'జుమ్మా'లో అమ్మ మనకు కొడుకు చెవిలోంచే వినబడుతుంది. మన పల్లెల్లో ఆడవాళ్ళు మసీదుకు పోవడం దాదాపు లేదు. తాను అడుగుపెట్టని చోటికి కొడుకును పంపి, ఆ నమాజులోనే తన నమాజును చూసుకున్న మనిషి ఆమె. పోవద్దన్న రోజు ఆమె పోగొట్టుకున్నదేమిటో కొడుకు పూర్తిగా చెప్పలేడు. అది ఆమే చెప్పాలి.

మన అస్తిత్వం బయటివాళ్ళ అనుమానానికి జవాబు చెప్పడంతోనే అయిపోదు. ఇంటి లోపలి మౌనానికీ జవాబు చెప్పాలి. షరీఫ్ ఆ ఇంట్లో దీపం పెట్టాడు. ఇక ఆ వెలుగులో అమ్మలు రాయాల్సిన కథలు మిగిలే ఉన్నాయి.