పదహారు కుర్చీల తూకం

పరేడ్ గ్రౌండ్స్ దాటి కార్ఖానా, తిరుమలగిరి మీదుగా బొల్లారం వైపు వెళ్తుంటే ఎక్కడా ఊరు మారినట్టు అనిపించదు. అవే దుకాణాలు, అదే ట్రాఫిక్. కానీ ఆ దారిలో చాలా భాగం మేయర్ పాలనలో లేదు, అక్కడ కార్పొరేటర్లూ లేరు. 1960లో సికింద్రాబాద్ మునిసిపాలిటీ హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసిపోయినా కంటోన్మెంట్ మాత్రం విడిగానే ఉండిపోయింది. సుమారు 40 చదరపు కిలోమీటర్ల నేల. 2011 లెక్కల ప్రకారం 2 లక్షల 17 వేల పైచిలుకు జనం. ఇటలీ నడుమ ఉన్న శాన్ మారినో రిపబ్లిక్ వైశాల్యం 61 చదరపు కిలోమీటర్లు, జనాభా 34 వేలకు అటూ ఇటూ. జనాన్ని బట్టి చూస్తే బోయిన్‌పల్లి, రసూల్‌పురా, పికెట్, తిరుమలగిరి కలిసిన మన కంటోన్మెంట్ ఆ దేశానికి ఆరు రెట్లు. ఇంతమందిని పాలించే యంత్రాన్ని ఎవరు, ఎలా బిగించారో ఒక్కసారి మూత తీసి చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. చూశాక ఆ పనితనం మీద గౌరవం పెరిగింది.

ఆ యంత్రం పేరు కంటోన్మెంట్ బోర్డు. 1924 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2006 కంటోన్మెంట్ల చట్టం దానికి ఆధారం. రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో, కేంద్ర జాబితా మూడో అంశంలోనే కంటోన్మెంట్ల స్థానిక పాలన ఉంది. అందుకే మన శాసనసభ చేసే పురపాలక చట్టాలు ఇక్కడ నడవవు. మరి మునిసిపాలిటీలకు వచ్చే గ్రాంట్లు, కేంద్ర పథకాలు ఈ జనానికి అందేదెలా? ఆ చిక్కును 2006 చట్టం చిన్న నిబంధనతో విప్పింది. గ్రాంట్లు పొందడానికి, పథకాలు అమలు చేయడానికి బోర్డును మునిసిపాలిటీగా భావించాలని రాశారు. బోర్డు స్వరూపం చెక్కుచెదరలేదు, డబ్బు వచ్చే దారీ తెరుచుకుంది.

అసలు పనితనం పన్నెండో సెక్షన్‌లో ఉంది. పెద్ద కంటోన్మెంట్‌లో ఎవరెవరు కూర్చోవాలో అది చెబుతుంది. ఒక వైపు స్టేషన్ కమాండర్, కలెక్టర్ లేదా ఆయన తరఫున అదనపు మేజిస్ట్రేట్, సీఈఓ, హెల్త్ ఆఫీసర్, ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్, సైన్యం నియమించిన ముగ్గురు అధికారులు. మొత్తం ఎనిమిది మంది. రెండో వైపు ఎనిమిది వార్డుల నుంచి జనం ఓటేసి పంపిన ఎనిమిది మంది. 1924 చట్టంలో ఎన్నికైనవారి పక్షం ఒక మెట్టు కిందే ఉండేది. 2006లో రెండు పక్షాలనూ సమానం చేశారు. స్టేషన్ కమాండరే అధ్యక్షుడు. ఓట్లు సరిసమానమైతే ఆయన అదనపు ఓటు వేస్తాడు. కాబట్టి తక్కెడ ముల్లు సైన్యం వైపే కాస్త మొగ్గి ఉందన్న మాట నిజం. ఆ మొగ్గు ఎంతన్నదే ఆలోచించదగ్గది. ఎనిమిది మందీ ఒక్క మాట మీద నిలబడి, అవతలి పక్షంలో ఒక్క ఇంజనీరునో డాక్టరునో ఒప్పించగలిగితే తీర్మానం నెగ్గుతుంది. బెదిరించనక్కర్లేదు, బతిమాలనక్కర్లేదు, వాదన గట్టిగా ఉంటే చాలు. నా దృష్టిలో ఈ ఏర్పాటులోకెల్లా గొప్ప పని అదే.

వైస్ ప్రెసిడెంట్ విషయంలోనూ అంతే జాగ్రత్త పడ్డారు. ఆ పదవికి ఎన్నికైన సభ్యులే పోటీ చేయాలి, వాళ్లే ఓటెయ్యాలి. అధికారుల పక్షానికి అందులో వేలు పెట్టే వీలు లేదు. బజార్లూ బస్తీలూ ఉన్న పౌర ప్రాంతం పనులు చూడటానికి విడిగా ఒక కమిటీ ఉంటుంది. అందులో ఎన్నికైనవాళ్లదే మెజారిటీ. ఎంపీ, ఎమ్మెల్యేలు బోర్డు సమావేశాలకు ప్రత్యేక ఆహ్వానితులుగా వచ్చి మాట్లాడవచ్చు. ఓటు మాత్రం లేదు. వార్డు మెంబరు కంటే పెద్ద నాయకుడు వచ్చి కూర్చున్నా వార్డు మెంబరు ఓటు విలువ తగ్గకూడదన్న ఆలోచన ఇది. పెద్దవాళ్లకు గౌరవం ఇస్తూనే చిన్నవాళ్ల హక్కును కాపాడిన తీరు నాకు బాగా నచ్చింది.

ఇక అడ్డుపడే అధికారం సంగతి. బోర్డు తీర్మానం సైనికుల ఆరోగ్యానికీ, సంక్షేమానికీ, క్రమశిక్షణకూ, భద్రతకూ హాని అనిపిస్తే అధ్యక్షుడు దాన్ని ఆపవచ్చు. అయితే కారణం మినిట్స్‌లో రాయాలి. ఆపేది గరిష్ఠంగా ఒక నెల. ఆలోగా విషయాన్ని సైన్యంలో పై అధికారికి, మన విషయంలో పుణెలోని సదరన్ కమాండ్‌కు, పంపాలి. ప్రజల ఆరోగ్యానికో భద్రతకో సౌకర్యానికో నష్టమనుకుంటే జిల్లా మేజిస్ట్రేట్ కూడా అడ్డు చెప్పవచ్చు. ఆయన ముందుగా బోర్డుకు నోటీసు ఇచ్చి కేంద్ర ప్రభుత్వానికి రాయాలి. సైన్యం మేలు కోసం ఒక తాళం, జనం మేలు కోసం ఇంకో తాళం. రెండు తాళాలూ వేరు వేరు చేతుల్లో ఉన్నాయి. నచ్చలేదు కాబట్టి ఆపాను అనే వీలు ఇద్దరికీ లేదు. కాగితం మీద కారణం రాసి, కింద పేరు పెట్టాల్సిందే.

శాన్ మారినోలో ఇలాంటి పనితనమే ఇంకో రూపంలో కనిపిస్తుంది. అక్కడ దేశాధినేతలు ఇద్దరు. 1243 నుంచీ జంటగానే ఎన్నుకుంటున్నారు. అరవై మంది సభ్యుల సభ ఆరేసి నెలలకు వాళ్లను ఎంచుకుంటుంది. ఏప్రిల్ 1న ఒక జంట, అక్టోబర్ 1న ఇంకో జంట ప్రమాణం చేస్తారు. ఒకరి నిర్ణయాన్ని ఇంకొకరు ఆపగలరు. పదవి దిగాక వాళ్ల పని మీద పౌరులు ఫిర్యాదు చేయవచ్చు. సైనిక బస్తీగా పుట్టిన మన బోర్డుకూ, ఏడెనిమిది శతాబ్దాల ఆ రిపబ్లిక్‌కూ పుట్టుకలో పోలిక లేదు. అక్కడ అధికారమంతా పౌరులదే, ఇక్కడ సగమే. అయినా చిన్న చోట ఒకే మనిషి చేతిలో పగ్గాలన్నీ పడితే తప్పించుకునే దారి ఉండదన్న ఎరుక రెండు చోట్లా కనిపిస్తుంది.

ఇంత చక్కగా తూచిన తక్కెడలో ఇప్పుడు ఒక పళ్లెం ఖాళీ. సికింద్రాబాద్ బోర్డుకు చివరిసారి 2015 జనవరిలో ఎన్నికలు జరిగాయి. ఆ సభ్యుల గడువు 2020లో ముగిసింది. ఒక ఏడాది పొడిగించి, 2021 ఫిబ్రవరిలో వాళ్లను పంపేశారు. చట్టంలోనే ఉన్న మరో ఏర్పాటు ప్రకారం స్టేషన్ కమాండర్, సీఈఓ, కేంద్రం నియమించిన ఒక పౌర సభ్యుడు కలిసి ముగ్గురే పని చేయడం మొదలుపెట్టారు. ఒక్కో ఏడాది చొప్పున పొడిగించుకునేలా రాసిన తాత్కాలిక ఏర్పాటు అది. 2023 ఏప్రిల్ 30న ఎన్నికలని ప్రకటన వచ్చింది. పోలింగ్‌కు ముందే దాన్ని రద్దు చేశారు. పౌర ప్రాంతాలను నగరపాలక సంస్థలో కలపాలన్న ప్రతిపాదన అప్పటినుంచీ నడుస్తోంది. కలపడం మంచిదే కావచ్చు. రోడ్లు, మంచినీళ్లు, భవన అనుమతుల విషయంలో అటువైపు కాలనీలతో సమానంగా చూడాలని ఇక్కడివాళ్లు అడగడంలో న్యాయం ఉంది. కానీ కలిపే దాకా అయినా ఆ ఎనిమిది మంది ఉండాలి. తమ వార్డు ఎవరి చేతికి వెళ్లాలో చర్చించే చోట ఆ వార్డు తరఫున మాట్లాడే మనిషి లేకపోవడం అన్యాయం. తూకం తెలిసిన పనివాళ్లు చేసిన చట్టానికి ఇది తగిన గతి కాదు.

ఈ చట్టంలో నాకెంతో ఇష్టమైన నిబంధన ఇంకొకటుంది. బోర్డు సమావేశాలకు ఎవరైనా వెళ్లవచ్చు. తలుపులు మూయాలంటే దానికీ కారణం మినిట్స్‌లో రాయాలి. ఆ మినిట్స్‌ను కంటోన్మెంట్‌లో నివసించే ఎవరైనా పైసా కట్టకుండా చూడవచ్చు. సభ్యులు ముగ్గురున్నా పదహారు మంది ఉన్నా ఈ హక్కు మారదు. కార్ఖానాలోనో బొల్లారంలోనో ఉంటున్నవాళ్లు తీరిక చేసుకుని ఎస్పీ రోడ్డులోని కోర్టు కాంపౌండ్‌కు వెళ్లి, బోర్డు ఆఫీసులో మినిట్స్ చూపించమని అడగండి.